సూరత్: ఒక మున్సిపాలిటీ పనితనం

పెద్ద నగరానికి మహమ్మారి వచ్చినప్పుడు మన దేశంలో ప్రభుత్వాలు తరచూ ఒకే దారి పట్టాయి. ఉన్న మున్సిపాలిటీ మీద ఆశ వదులుకుని పక్కన కొత్త సంస్థ పెట్టడం ఆ దారి. 1896లో బొంబాయికి ప్లేగు వస్తే 1898లో అక్కడ సిటీ ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు పుట్టింది. హైదరాబాదులో 1908 మూసీ వరద, ఆ తర్వాత ప్లేగు చూశాక నిజాం ప్రభుత్వం 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డును పెట్టింది. ఈ సంస్థలు గొప్ప పనులే చేశాయి. ఈనాటికీ పత్తర్‌గట్టి మీదుగా నడిచేవారికి ఆ బోర్డు రాతిపని కనిపిస్తూనే ఉంటుంది. కానీ రోజూ వీధి ఊడ్చే మున్సిపాలిటీ మాత్రం ఎక్కడున్నది అక్కడే ఉండిపోయింది.

1995లో సూరత్ వేరే దారి పట్టింది. కొత్త చట్టం రాలేదు, కొత్త సంస్థ రాలేదు. ఉద్యోగులు పాతవారే, చీపుర్లు పట్టిన చేతులూ పాతవే. బొంబాయి రాష్ట్రం నాటి 1949 మునిసిపల్ కార్పొరేషన్ల చట్టమే చేతిలో ఉంది. వాటితోనే ఒక నగరపాలక సంస్థ తన పనిని విప్పి, తుడిచి, మళ్లీ బిగించుకుంది. ఆ బిగింపు ఎలా జరిగిందో దగ్గరగా చూడాలని ఈ వ్యాసం. సూరత్ కథ చాలామంది విన్నదే. అయితే విన్నవాళ్లు ఎక్కువగా ఒక మనిషి ధైర్యం గురించే విన్నారు. నన్ను కట్టిపడేసేది అందులోని పనితనం.

ముందు ఆపద సంగతి. 1994 ఆగస్టులో మహారాష్ట్రలోని బీడ్ జిల్లాలో, మామ్లా అనే ఊళ్లో బుబోనిక్ ప్లేగు కేసులు కనిపించాయి. సెప్టెంబరులో తాపీ నది పొంగి సూరత్ పల్లపు ప్రాంతాలు మునిగాయి. నీళ్లు తీశాక బురద, కొట్టుకొచ్చిన పశువుల కళేబరాలు, కుళ్లిన చెత్త మిగిలాయి. ఆ నెల మూడో వారంలో వేద్ రోడ్డు వైపు బస్తీల నుంచి తీవ్రమైన జ్వరం, దగ్గులో రక్తంతో మనుషులు ఆసుపత్రికి రావడం, గంటల్లో చనిపోవడం మొదలైంది. గాలి ద్వారా అంటుకునే న్యుమోనిక్ ప్లేగు అని మాట బయటికి పొక్కగానే రైళ్లు, బస్సులు, లారీలు ఎక్కి లక్షల మంది ఊరొదిలారు. ప్రైవేటు వైద్యుల్లోనూ చాలామంది తలుపులు మూసి వెళ్లిపోయారు. దుకాణాల్లో టెట్రాసైక్లిన్ బిళ్లలు నిండుకున్నాయి. గల్ఫ్ దేశాలు మన విమానాలను ఆపేశాయి. దేశం మొత్తమ్మీద చనిపోయినవారు యాభై మందికి పైన. ప్లేగు చరిత్రలో ఇది చిన్న సంఖ్యే కావచ్చు, కానీ ఆ భయం ఖండాలు దాటింది.

ఆ రైళ్లలో మనవాళ్లూ ఉన్నారు. సూరత్ పవర్‌లూమ్ షెడ్లలో తెలంగాణ జిల్లాల నుంచి వలస వెళ్లిన పద్మశాలి కుటుంబాలు పెద్ద సంఖ్యలో పనిచేస్తున్నాయి. లింబాయత్, ఉధ్నా ప్రాంతాల్లో తెలుగు గల్లీలే ఉన్నాయి. సూరత్ నగరపాలక సంస్థ గుజరాతీ, మరాఠీ, హిందీ, ఉర్దూ, ఒడియాలతో పాటు తెలుగు మాధ్యమంలోనూ బడులు నడుపుతోంది. వలస కూలీ బిడ్డ చదువును తన బాధ్యతగా లెక్కేసుకునే నగరం అది. అందుకే ఆ నగరం బాగోగులు మనకు పరాయి విషయం కాదు.

అది అసలు ప్లేగేనా అని అప్పట్లో పెద్ద వాదం నడిచింది. ఎలుకలు రాలిపడిన దాఖలాలు లేవని కొందరు, వేరే బాక్టీరియా అని కొందరు అన్నారు. రోగుల నుంచి తీసిన నమూనాల డీఎన్‌ఏను పరీక్షించి, ఆ సూక్ష్మజీవి ప్లేగు కారకమైన యెర్సీనియా పెస్టిస్సేనని 2000 సంవత్సరంలో ప్రకటించిన శాస్త్రవేత్తల బృందం మన హైదరాబాదు సీసీఎంబీది. నగరపాలనకు ఇక్కడొక పాఠం ఉంది. సూక్ష్మజీవి పేరు తేలడానికి ఆరేళ్లు పట్టింది. చెత్త ఎత్తడానికి ఆ పేరు తేలేదాకా ఆగనక్కర్లేదు.

ఇంకో సంగతి సూటిగా చెప్పుకోవాలి. 1994 ప్లేగును ఆపింది చీపురు కాదు. యాంటీబయాటిక్ మందులు, ఆసుపత్రి సిబ్బంది, ఇంటింటికీ తిరిగి బిళ్లలు పంచినవాళ్లు దాన్ని కొద్ది వారాల్లో అదుపు చేశారు. కొత్త కమిషనర్ సూరత్‌లో అడుగుపెట్టింది 1995 మేలో, ప్లేగు సద్దుమణిగిన ఏడెనిమిది నెలలకు. అప్పటికి ఊరు మళ్లీ నిండింది, మగ్గాలు మోగుతున్నాయి, చెత్త ఎప్పటిలాగే పేరుకుపోయి ఉంది. ఎదురుగా వానాకాలం. ప్రజారోగ్యంలో స్థానిక సంస్థ అసలు పని ఇక్కడే మొదలవుతుందని నా అభిప్రాయం. రోగం వచ్చిన వారం ఆసుపత్రిది, వచ్చే వానాకాలం మున్సిపాలిటీది. వచ్చిన రోగంతో యుద్ధం చేసినవాళ్ల పేర్లు పత్రికల్లో వస్తాయి. రాకుండా పోయిన రోగానికి వార్త ఉండదు. ఆ వార్త లేని పనినే సూరత్ అంత నేర్పుగా చేసింది.

ఆ కమిషనర్ సూర్యదేవర రామచంద్రరావు, గుజరాత్ కేడర్ ఐఏఎస్ అధికారి. అందరికీ ఎస్.ఆర్.రావుగా తెలుసు. ఇంటిపేరు చూస్తేనే తెలుగింటివాడని తెలిసిపోతుంది. ఆయన సుమారు రెండున్నరేళ్లు అక్కడ ఉన్నారు.

వచ్చాక చేసిన మొదటి పని తన అధికారాన్ని పంచేయడం. చాలా నగరాల్లో కమిషనర్ సంతకం ఒక ఇరుకు వంతెన, ఊరి ఫైళ్లన్నీ దాని మీదుగానే దాటాలి. పగిలిన మ్యాన్‌హోల్ మూతకు ఇంజనీరు రాస్తాడు, పైఅధికారి సిఫారసు చేస్తాడు, లెక్కల విభాగం కొర్రీ వేస్తుంది, అంతా తిరిగి కమిషనర్ దగ్గరికి వస్తుంది. ఈలోగా మురుగు వీధిలో పారుతూనే ఉంటుంది. రావు నగరాన్ని ఆరు జోన్లుగా చేసి, ఒక్కో జోన్‌కు ఒక్కో అధికారిని పెట్టి, తన పాలన అధికారాలు, ఖర్చు పెట్టే అధికారాలు వాళ్లకు అప్పగించారు. అంతకుముందు ఇంజనీరింగ్, ఆరోగ్యం, పన్నులు అని శాఖల వారీగా విడిపోయిన పని ఇప్పుడు ఒక ప్రాంతం పేరుతో ఒక్క మనిషి కిందికి వచ్చింది. మురుగు పొంగితే డ్రైనేజీ వాళ్లు రోడ్డు వాళ్లనీ, రోడ్డు వాళ్లు పారిశుధ్యం వాళ్లనీ చూపించే వీలు పోయింది. ఆ జోన్‌లో తప్పు జరిగితే జవాబు చెప్పేది ఒక్కరే.

అధికారం పంచడం చాలామంది చేస్తారు, తర్వాత మెల్లగా వెనక్కి లాక్కుంటారు. ఇక్కడ అలా జరగకుండా కాపాడింది రోజువారీ టైంటేబుల్. అధికారులు పొద్దున్నే వీధుల్లోకి రావాలి, మధ్యాహ్నం దాకా అక్కడే ఉండాలి, ఆఫీసు ఆ తర్వాతే. దీనికి రావు 'ఏసీ టు డీసీ' అని పేరు పెట్టారు. ఎయిర్ కండిషన్ గదుల్లోంచి డైలీ చోర్స్‌లోకి, అంటే రోజువారీ పనుల్లోకి రమ్మని. పేరు సరదాగా ఉంది గానీ అమలులో సరదా ఏమీ లేదు. కమిషనర్ కూడా ఆ వేళకు వీధిలోనే ఉండేవారు.

పొద్దున్నే ఎందుకు అన్న ప్రశ్న దగ్గర కాస్త ఆగుదాం. పారిశుధ్య కార్మికుల హాజరు తీసుకునేది తెల్లవారుజామునే. మస్తరులో ఉన్న పేర్లకూ, వీధిలో కనిపించే మనుషులకూ తేడా ఎంతో తెలిసే వేళ అదొక్కటే. పది దాటాక వెళ్తే కార్మికుడు ఊడ్చి వెళ్లాడో, అసలు రాలేదో ఎవరూ చెప్పలేరు. మధ్యలో దుకాణాలవాళ్లు మళ్లీ చెత్త పోసి ఉంటారు. తెల్లవారుజామున వీధిలో నిలబడ్డ అధికారికి ఇంకొన్ని విషయాలు కూడా కళ్లబడతాయి. ఏ కుళాయి దగ్గర నీళ్లు రంగు మారి వస్తున్నాయి, ఏ బస్తీలో పిల్లలు కాలువ గట్టున కూర్చుంటున్నారు, ఏ ట్రాక్టరు సగం నిండకుండానే డంపింగ్ యార్డుకు బయల్దేరింది. ఇవేవీ ఫైల్లో దొరికేవి కావు. మంచి పనివాడు తన సరుకును ఏ వెలుగులో చూడాలో ఎరుగును. నగరాన్ని చూడాల్సిన వెలుగు ఏదో సూరత్ కనిపెట్టింది.

మధ్యాహ్నం తర్వాత అధికారులంతా కూర్చునేవారు, రోజూ. నెలవారీ సమీక్షలు మనకు బాగా అలవాటు. నెల తర్వాత చెప్పుకునేది సంజాయిషీ అవుతుంది గానీ పని కాదు. మగ్గం మీద పోగు తెగితే నేతగాడు అక్కడికక్కడే ఆపి ముడి వేస్తాడు, తాను పూర్తయ్యాక చూసుకుందాం అనుకోడు. పొద్దున చూసిన లోపాన్ని మధ్యాహ్నం మాట్లాడి, మర్నాడు పొద్దున మళ్లీ అదే చోట నిలబడి చూడటంలో ఆ ఒడుపే ఉంది. అలాంటి సమావేశంలో ఒక జోన్ అధికారి తనకు కావలసిన యంత్రం పక్క జోన్‌లో ఖాళీగా ఉందని అక్కడికక్కడే అడిగి తీసుకోగలడు. ఉత్తరం రాయనక్కర్లేదు.

ఇక ఫిర్యాదు కార్డు. సూరత్ వ్యవస్థలో నాకు అన్నిటికంటే నచ్చిన వస్తువు ఇదే. ఫిర్యాదులను రంగు కార్డుల మీద రాసుకునేవారు. ఇరవైనాలుగు గంటల్లో తీరాల్సినవి ఎర్ర కార్డు మీద, ఇంకాస్త వ్యవధి పట్టేవి వేరే రంగు మీద. చూడ్డానికి చిన్న అట్టముక్క. కానీ అందులో ఎన్ని నిర్ణయాలు ఇమిడి ఉన్నాయో చూడండి. మొదటిది, ఫిర్యాదు అందుకున్న క్షణంలోనే దాని గడువు ఖాయమైపోతుంది. ఎంత తొందరో తేల్చడం గుమాస్తా మర్జీకి గానీ, ఫిర్యాదు చేసిన మనిషి పలుకుబడికి గానీ వదలలేదు. మురుగు పొంగితే ఎర్రదే, ఎవరింటి ముందు పొంగినా సరే. రెండోది, బల్ల మీద ఎర్ర రంగు మిగిలిపోతే దూరం నుంచే కనబడుతుంది. కంప్యూటర్ తెర మీద పెండింగ్ జాబితాకు ఆ గుణం లేదు, తెరిచి చూసేవాడికే అది కనిపిస్తుంది. మూడోది, కార్డు చదువుకున్నవాడికీ, అంతంతమాత్రం చదివినవాడికీ ఒకేలా అర్థమవుతుంది. ఇన్ని పనులు చేసే అట్టముక్క ఖరీదు ఎంతుంటుంది?

వీధులు ఊడ్చే తీరు కూడా మారింది. పగలు రద్దీ రోడ్ల మీద చీపురు ఆడదు. బండ్లు, తోపుడుబళ్లు, ఆగిన స్కూటర్ల మధ్య ఊడ్చేది నడిమధ్య మాత్రమే. దుమ్ము అంచుల్లో పేరుకుంటుంది, వాన పడితే అదే మట్టి వాననీటి కాలువలోకి జారి పూడిక అవుతుంది, పూడిక వల్ల నీళ్లు నిలుస్తాయి, నిలిచిన నీళ్లలో దోమ గుడ్లు పెడుతుంది. కాబట్టి ప్రధాన రహదారులను రాత్రిపూట ఊడ్పించడం మొదలుపెట్టారు. ఊడ్చడంతో ఆగకుండా రోడ్డు అంచున అట్టకట్టిన మట్టిని గీకించారు. ఈ పనినీ, చెత్త రవాణాలో కొంత భాగాన్నీ ప్రైవేటు కాంట్రాక్టర్లకు ఇచ్చి, సొంత సిబ్బందిని గల్లీలకు, బస్తీలకు మళ్లించారు. అంతకుముందు ఊరి చెత్తలో ఎత్తేది సగం అటూ ఇటూ. ఆయన ఉండగానే అది తొంభై శాతం దాటింది. రోడ్డు అంచు మట్టికీ మలేరియాకూ ఉన్న సంబంధాన్ని పట్టుకుని, ఆ మట్టి దగ్గరే పని మొదలుపెట్టడంలో ఉన్న బుద్ధికుశలతను తలచుకున్నప్పుడల్లా నాకు గౌరవం కలుగుతుంది.

పారిశుధ్యం ఒక చేయి అయితే రోగాల లెక్క రెండో చేయి. మున్సిపల్ దవాఖానాలు, పెద్దాసుపత్రులు, ప్రైవేటు నర్సింగ్ హోములు, ఇలా అనేక చోట్ల నుంచి జ్వరాలు, విరేచనాలు, కామెర్ల కేసుల సమాచారం ఏ రోజుకారోజు తెప్పించే ఏర్పాటు జరిగింది. సంఖ్య ఒక్కటే ఉంటే ప్రయోజనం తక్కువ, రోగి ఏ ప్రాంతం వాడన్నది కావాలి. ఒకే గల్లీ నుంచి విరేచనాలతో ఐదుగురు వచ్చారంటే వైద్యుడి కంటే ముందు ఆ గల్లీకి వెళ్లాల్సింది పైపులైను మనిషి. మంచినీటి గొట్టం మురుగు కాలువను ఎక్కడ దాటుతోందో చూడాలి, కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉందో లేదో పరీక్షించాలి. ఆరోగ్య విభాగం లెక్క ఇంజనీరు చేతికి అదే రోజు చేరడం ఇక్కడ ముఖ్యం. ఆరోగ్యమూ ఇంజనీరింగూ ఒకే జోన్ అధికారి కింద ఉన్నాయి కాబట్టి అది చేరింది. మొదట చెప్పిన అధికార పంపిణీ ఫలితం ఇంత దూరం వచ్చి కనబడుతుంది. ఒక భాగం తీసేస్తే ఇంకోటి నిలవనంత గట్టిగా అల్లిన పని ఇది.

కటువైన పనులూ ఉన్నాయి. వీధిలో చెత్త వేస్తే మొదటిసారి యాభై రూపాయలు, మళ్లీ వేస్తే రెట్టింపు జరిమానా. శుభ్రత లేని హోటళ్లు, మిఠాయి దుకాణాలు మూయించారు. అక్రమ కట్టడాల కూల్చివేత పలుకుబడి ఉన్నవారి భవనాల దగ్గర మొదలైంది. అదే ఆయనకు జనం నమ్మకాన్ని తెచ్చింది. పెద్దవాడి అరుగు పోయాక చిన్నవాడు తన మెట్లు తనే తీసుకున్నాడు. అయితే ఏ కూల్చివేతలోనైనా చివరికి ఎక్కువ నష్టపోయేది తోపుడుబండివాడు, గుడిసెవాసి. ఆ లెక్క సూరత్‌లోనూ పూర్తిగా తప్పలేదు. మురికివాడల్లో బాటలు, మంచినీళ్లు, మరుగుదొడ్లు వచ్చిన మాట నిజమే, ఆ మేలును కూల్చివేతల పద్దులో కలిపి చూపకూడదు. ఇంకొక లోటు కూడా ఉంది. సూరత్ కథలో కార్పొరేటర్ల పాత్ర పలచన. ఎన్నికైన పాలకవర్గం కమిషనర్‌కు అడ్డుపడకపోవడం ఒక మేలు, తానే ముందుండి నడిపించడం ఇంకా పెద్ద మేలు. ఆ రెండోది అక్కడ పెద్దగా కనిపించదు.

రావు ఉండగానే వారసత్వ పరిరక్షణ సంస్థ ఇన్‌టాక్ చేసిన సర్వే సూరత్‌ను చండీగఢ్ తర్వాత దేశంలో రెండో పరిశుభ్ర నగరంగా లెక్కించింది. 1998లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. పనితనానికి ఇవి కొలతలు కావు. పనివాడు వెళ్లిపోయాక వస్తువు నిలుస్తుందా అన్నది కొలత.

2006 ఆగస్టులో ఆ పరీక్ష వచ్చింది. ఉకాయి డ్యాం నుంచి తాపీలోకి లక్షల క్యూసెక్కులు వదలాల్సి వచ్చి సూరత్‌లో అత్యధిక భాగం రోజుల తరబడి నీళ్లలో ఉంది. 1994 వరద కంటే ఇది చాలా పెద్దది. నీళ్లు తీశాక అదే బురద, అవే కళేబరాలు. కానీ ఈసారి చెత్త ఎత్తే బృందాలు, జ్వరాల సర్వే, క్లోరిన్ పరీక్షలు అన్నీ అలవాటైన పనులే, ఒకటికి పదింతలుగా చేయాల్సి వచ్చిందంతే. 1994 లాంటి మహమ్మారి రాలేదు. రావు వెళ్లి అప్పటికి ఎనిమిదేళ్లు దాటింది. సూరత్ చరిత్రలో నేను అన్నిటికంటే పైన పెట్టే ఘట్టం ఇది.

కోవిడ్‌లో చిత్రం ఇంత నిండుగా లేదు. 2020లో కమిషనర్ బంఛానిధి పాణి ఆధ్వర్యంలో విదేశాల నుంచి వచ్చినవారిని యాప్ ద్వారా గుర్తించడం, సంచార వైద్య వాహనాలు తిప్పడం త్వరగానే మొదలయ్యాయి. పాత నిఘా వ్యవస్థ ఉండబట్టే ఆ వేగం సాధ్యమైంది. కానీ ఆ ఏడాది ఏప్రిల్‌లోనే కూలి ఆగిపోయిన వలస నేతకార్మికులు సొంతూళ్లకు పంపమని రోడ్డెక్కారు. 2021 ఏప్రిల్ రెండో అలలో శ్మశానాలు చాలక నగరం తల్లడిల్లింది. వీధి శుభ్రతలో ఆరితేరిన సంస్థకు ఆక్సిజన్ పడకల మీదా, కూలీల తిండి మీదా ఆ పట్టు లేదు. స్థానిక సంస్థ చేయి ఎంతవరకు చాస్తుందో, రాష్ట్రం, కేంద్రం చేతులు ఎక్కడ అందుకోవాలో ఆ రోజులు చూపించాయి. వీధి శుభ్రత మీద పట్టు మాత్రం సడలలేదు. ఆ తర్వాత 2023 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో సూరత్ ఇండోర్‌తో కలిసి మొదటి స్థానంలో నిలిచింది.

1993 జూన్‌లో అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ పన్నెండో షెడ్యూలులో ప్రజారోగ్యం, పారిశుధ్యం, చెత్త నిర్వహణ పట్టణ సంస్థల పనులుగా స్పష్టంగా రాసి ఉన్నాయి. మన మున్సిపాలిటీలకూ అదే రాజ్యాంగం. 2009లో హైదరాబాద్ భోలక్‌పూర్‌లో, 2018లో గుంటూరు పాతబస్తీలో మంచినీటిలో మురుగు కలిసి మనుషులు చనిపోయారు. అలాంటి చోట ఒకే ప్రాంతం నుంచి వచ్చే విరేచనాల కేసులను తొలిరోజే లెక్కగట్టి, అదే రోజు పైపులైను దగ్గరికి మనిషిని పంపగలిగే ఏర్పాటు ఉంటే ఎన్నో ప్రాణాలు నిలుస్తాయి. మీ వార్డు కార్పొరేటరో కౌన్సిలరో ఈసారి ఇంటికి వస్తే రోడ్డు, వీధిదీపాలతో పాటు ఇంకొకటి కూడా అడగండి: మన వార్డులో ఈ వారం ఎన్ని జ్వరాలు, ఎన్ని విరేచనాల కేసులు నమోదయ్యాయి, ఆ లెక్క మన డ్రైనేజీ ఇంజనీరుకు ఏ రోజు చేరింది? జవాబు లేకపోతే మళ్లీ వారం అడగండి.